తర్వాత సొకోల్ హాల్లో భోజనం

లూమిర్ వర్టిస్కా గొంతు వింటే మా ఊళ్ళో బతికున్నవాళ్ళు కూడా ఒకసారి తమని తాము తడిమి చూసుకుంటారు.

ముప్పయి నాలుగేళ్ళుగా పొద్దున ఎనిమిదింబావుకి మా రేడియోలో చావు కబుర్లు చదివేది అతనే. ముందు ఒక ఆర్గన్ రికార్డు వేస్తారు. దాని మీద గీత పడింది, మధ్యలో నాలుగుసార్లు ఎక్కిళ్ళు పెడుతుంది. ఎక్కిళ్ళు ఆగాక లూమిర్ గొంతు సవరించుకుంటాడు. ఆ నిమిషాన డోబ్రీ కౌంటీ మొత్తం పాలు పితకడం ఆపేస్తుంది. గడ్డం గీసుకునేవాళ్ళు సగం చెంప నురగతో అలాగే నిలబడిపోతారు. మా కోళ్ళు ఎనిమిదింబావుకి గుడ్డు పెట్టవు, ఎనిమిదిన్నర దాకా ఓర్చుకుంటాయి. ఇది నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు వచ్చి కోళ్ళని అడగొచ్చు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. కాన్వెంట్లో మేమిద్దరం ఒకే బెంచీ. నాలుగో తరగతిలో ప్రార్థన మధ్యలో నవ్వాడని సిస్టర్ స్కొలాస్టికా అతన్ని నిలబెట్టి పునీతుల పేర్లన్నీ మొదట్నించి చివరిదాకా చదవమంది. నవ్వించింది నేను. చదివింది వాడు. ఇరవయ్యో పునీతుడి దగ్గర సిస్టర్ బెత్తం కింద పెట్టింది. యాభయ్యో పునీతుడికి కళ్ళు తుడుచుకుంది. జాబితా అయ్యేసరికి క్లాసులో తొమ్మిదిమంది మగపిల్లలు ఫాదర్లం అవుతామని మాటిచ్చేశారు. కాబట్టి ఆ గొంతులో నాకూ వాటా ఉంది.

పగలంతా ధాన్యం గోదాము దగ్గర లారీలు తూచే పని చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనంలో ఒకమ్మాయిని అడిగాడు. అతను అడిగిన తీరుకి ఆ పిల్ల ఎవరు పోయారోనని ఘొల్లుమంది. మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

చావు కబురు చదవడంలో అతనికో వరస ఉంది. పేరు, వయసు, ఏ చర్చి, ఎన్నింటికి, పెట్టె మోసేవాళ్ళ పేర్లు, ఆఖర్న "తర్వాత సొకోల్ హాల్లో భోజనం". సొకోల్ హాలంటే మా తాతల నాటి ఊరి హాలు, పెళ్ళిళ్ళకీ చావులకీ అదే. మోసేవాళ్ళ జాబితాలో అతని నోట పేరు రావడం ఇక్కడ పెద్ద గౌరవం. పేరు చదివాక రానివాడు ఇంతవరకు లేడు. ఒకడు విరిగిన కాలితో, చంకల్లో కర్రలతో వచ్చాడు. వాణ్ణి కూడా కలిపి మోసుకెళ్ళారు. లూమిర్ తన చావు కబురు కూడా ముందే రికార్డు చేసి పెట్టుకున్నాడు, తేదీ ఒక్కటే ఖాళీ. వేరేవాడు చదివితే భోజనం సంగతి మర్చిపోతాడని భయం.

ఆ భోజనం వండేది లూమిర్ వాళ్ళ అక్క లిబుషే, మా అందరికీ లిబ్బీ, ఆవిడ వెనక పదహారుమంది ఆడవాళ్ళు. మా ఆవిడ అల్బినా అందులో ఒకత్తె. హామ్, ఉడికించిన బంగాళాదుంపలు, పుల్ల క్యాబేజీ, మధ్యలో నల్లగసాలు పెట్టిన కొలాచీలనే తీపి రొట్టెలు. యాభై ఏళ్ళలో లిబ్బీ ఆరొందల పైచిలుకు చావులకి వండింది గానీ ఒక్క పెట్టెని చూడలేదు. అందరూ చర్చిలో ఏడుస్తుంటే ఆవిడ వంటింట్లో దుంపల మీద అజమాయిషీ చేస్తుంటుంది. ఆడవాళ్ళ పేర్లు మోసేవాళ్ళ జాబితాలో చదవకపోవడానికి కారణం అదే. వాళ్ళకి తీరికుండదు.

రేడియో కాక లూమిర్‌కి ఇంకో కుర్చీ ఉండేది. మా సెయింట్ లుడ్మిలా కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో, చెక్క మెట్ల పైన ఉండే మైకు గదిలో. మా ఫుట్‌బాల్‌లో బంతిని తన్నడం తక్కువ, చేత్తో పట్టుకుని అవతలి గీత దాటించడమే ఆట. జట్టు పేరు ఆబోతులు. పోయినేడు ఆడిన పదింట్లో తొమ్మిది ఓడాక ఊళ్ళో వాళ్ళని ఎడ్లు అనడం మొదలుపెట్టారు. ఆకురాలు కాలంలో జరిగే అసలు మ్యాచ్‌లన్నిటికీ ఒకప్పుడు లూమిరే మైకు. అయితే ఒకసారి మనవాడొకడు బంతి చంకలో పెట్టుకుని మైదానం ఈ చివర్నించి ఆ చివరికి పరిగెత్తాడు. లూమిర్ మైకులో, "ఆరో నంబరు చొక్కా. ఇరవై ఏళ్ళు. ఈ మధ్యాహ్నం రెండూ పదికి గీత దాటిపోయారు" అన్నాడు. జనం లేచి నిలబడి టోపీలు తీశారు. పరిగెత్తినవాడు భయపడి వాళ్ళమ్మకి ఫోను చేశాడు. ఆ తర్వాత కాలేజీవాళ్ళు ఒమాహా నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. వాడు ప్రతిదానికీ తేలు కుట్టినట్టు అరుస్తాడు.

లూమిర్‌కి మిగిలింది వసంతం మ్యాచ్ ఒక్కటే. ఏప్రిల్లో జట్టుని రెండుగా చీల్చి, సగంమందికి ఎర్ర చొక్కాలు, సగంమందికి తెల్ల చొక్కాలు తొడిగి తమలో తాము కొట్టుకోమంటారు. గెలిచినా మనవాళ్ళే, ఓడినా మనవాళ్ళే. "దానికి మైదానం దాకా పోవడం ఎందుకు, మా ఇంట్లో రోజూ చూస్తున్నదేగా" అనేవాడు మా పక్కింటాయన. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అయినా లూమిర్ ఆ ఒక్క శనివారం కోసం ఏడాదంతా కోటు ఇస్త్రీ చేయించి ఉంచుకునేవాడు.

ఫిబ్రవరిలో కాలేజీ ఆటల వ్యవహారాలకి కొత్తగా వచ్చిన మెకెన్నా హాల్వర్సన్ గోదాముకి వచ్చింది. డెన్వర్ పిల్ల, ముప్పయి దాటి ఉండదు. నేను అక్కడే స్టవ్ పక్కన కూర్చుని ఉన్నాను.

"లూమిర్ గారూ, మీకో మాట చెప్పాలి. కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"పోయినేడు వసంతం మ్యాచ్‌కి రెండొందల పద్నాలుగు మంది వచ్చారు."

"కుక్కలతో కలిపా?"

"కలిపే." ఆ పిల్ల కాసేపు తన బూట్ల వంక చూసుకుంది. "ఈసారి వెయ్యిమంది రాకపోతే ఇక ఆ మ్యాచ్ ఉండదండీ. కాలేజీ ప్రెసిడెంటు గారు సంతకం కూడా పెట్టేశారు. గేటు దగ్గర నేనే లెక్కపెట్టాలి. కుక్కల్ని కలపొద్దన్నారు."

"మరి మైకు?"

"ఆకురాలు కాలానికి ఆ కుర్రాడున్నాడు కదండీ."

బయట లారీ ఒకటి హారన్ కొట్టింది. లూమిర్ వెళ్ళి దాన్ని తూచి వచ్చాడు. ఆ రోజు రాసిన బరువు తప్పని తర్వాత తెలిసింది. అతని చేతిలో అంతకు ముందెప్పుడూ తప్పు పడలేదు.

మెకెన్నాది చెడ్డ మనసు కాదు. చాతనైనంత చేసింది. పిల్లలు ఎగరడానికి గాలి కోట తెప్పిస్తానంది. చొక్కాలు ఊరికే పంచింది. మావాళ్ళు మహా సంతోషంగా తీసుకుని ట్రాక్టర్లు తుడుచుకున్నారు. జట్టులో అందరికంటే లావుపాటి కుర్రాణ్ణి కూరగాయల కొట్టు ముందు నిలబెట్టి వచ్చేపోయేవాళ్ళతో కరచాలనం చేయించింది. వాడికి రెండు ఉద్యోగాలు, ఒక పెళ్ళిసంబంధం వచ్చాయి గానీ మ్యాచ్‌కి వస్తామన్నవాళ్ళు లేరు.

మ్యాచ్ ఇంకా పన్నెండు రోజులుందనగా లూమిర్ మా ఇంటికొచ్చాడు.

"ఒరేయ్, మన ఊళ్ళో వెయ్యిమంది దేనికొస్తారు?"

"చావుకి," అన్నాను.

పశువుల డాక్టరు పోయినప్పుడు పదమూడొందలమంది వచ్చారు. పోయినవాళ్ళ మీద ప్రేమ అనుకోకండి. మనం వెళ్ళకపోతే రేపు మనదానికి ఎవరూ రారు, హాలంతా ఖాళీగా ఉంటుంది, హామ్ మిగిలిపోతుంది. ఆ అప్రతిష్ఠ పైలోకం దాకా వెంటొస్తుందని మావాళ్ళ నమ్మకం.

"అయితే ఎవరైనా పోవాలంటావు," అన్నాడు లూమిర్.

"కోచ్‌ని అడిగి చూడు. తొమ్మిది ఓడాడు, కాదనకపోవచ్చు."

అతను నవ్వలేదు. కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే జరిగింది అసలు సంగతి. మెకెన్నా రేడియో వాళ్ళకి ఒక ప్రకటన రాసిచ్చింది. నేను ఆ కాగితం చూశాను, నాలుగు వాక్యాలకి పదకొండు ఆశ్చర్యార్థకాలు. ఊరంతా వినేది ఎనిమిదింబావుకే కాబట్టి చావు కబుర్ల వెనకాలే దాన్ని తగిలించారు. ఆ రోజు పోయినవాళ్ళు ఇద్దరే. వాళ్ళిద్దర్నీ సాగనంపి లూమిర్ ఆ కాగితం తీసుకున్నాడు. అరవడం అతనికి రాదు. ఆశ్చర్యార్థకాలన్నీ పక్కన పెట్టి, మిగిలింది చదివాడు.

"సెయింట్ లుడ్మిలా ఆబోతుల వసంతం మ్యాచ్. వచ్చే వారం శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి. కాలేజీ మైదానంలో."

అక్కడ ఆగాలి. ముప్పయి నాలుగేళ్ళ అలవాటు, నోరు ఆగలేదు.

"తర్వాత సొకోల్ హాల్లో భోజనం."

ఆర్గన్ మోగింది.

నేను కాఫీ కప్పు కింద పెట్టాను. వంటింట్లో అల్బినా, "ఏ భోజనం?" అంది. అప్పటికే ఫోను మోగుతోంది. నేను టోపీ పెట్టుకుని రేడియో ఆఫీసుకి పరుగెత్తాను. ఇలాంటివి తప్పిపోతే మళ్ళీ దొరకవు. వెళ్ళేసరికి లిబ్బీ అక్కడుంది. డెబ్భై ఏడేళ్ళ మనిషి, నాకంటే ముందెలా చేరిందో ఇప్పటికీ అంతుబట్టదు.

"ఏరా, ఎవరినడిగి భోజనమన్నావు?"

"నోరు జారిందక్కా."

"నోరు జారితే నాలిక కరుచుకుంటారు. ఊరందరికీ విస్తళ్ళు వేస్తారా?"

"రేపు సవరించి చదువుతాలే."

"ఏమని? భోజనం లేదనా?" లిబ్బీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మ నిలబెట్టిన పేరురా అది. ఈ హాల్లో భోజనం ఉందని చెప్పి లేదనడం ఇంతవరకు జరగలేదు. సుడిగాలొచ్చి కప్పు ఎగిరిపోయిన రోజు కూడా కొలాచీలు పెట్టాం, గొడుగులు పట్టుకుని తిన్నారు. ఎంతమంది?"

"వెయ్యిమంది రావాలి. రాకపోతే నా మైకు పోతుందక్కా."

"నీ మైకు సంగతి నాకు చెప్పకు. దుంపలు ఎన్ని బస్తాలో చెప్పు."

అలా అంది గానీ, నలభై హామ్‌లు, ఆరు బస్తాల దుంపలు అని అక్కడే రాసుకుంది.

ఇక ఊళ్ళో ఫోన్లు ఎలా తిరిగాయో నేను చెప్పక్కర్లేదు. అది ఆట అని అందరికీ తెలుసు, మావాళ్ళు వెర్రివాళ్ళు కారు. కానీ చావుల జాబితాలో చదివాక, భోజనం ఉందన్నాక, వెళ్ళకుండా ఉండడం ఎలాగో ఎవరికీ తెలీదు. అటువంటి పని ఎవరూ చేసి ఉండలేదు.

"పోయిందెవరు?" అని మా పక్కింటాయన కంచె మీంచి అడిగాడు.

"ఫుట్‌బాల్ జట్టు."

"పాపం. పోయినేడంతా తీసుకుంటూనే ఉందిలే."

శనివారం పన్నెండున్నరకి కార్లు వరసగా వచ్చాయి, శవం వెంట వెళ్ళేటప్పటిలాగే పట్టపగలు దీపాలు వేసుకుని. మగవాళ్ళందరూ నల్ల కోట్లలో ఉన్నారు, మైదానమంతా కలరా ఉండల వాసన. అతిథులకి ఆటగాళ్ళని పరిచయం చేద్దామని మెకెన్నా గేటు లోపల జట్టుని వరసగా నిలబెట్టింది. వరసగా నిలబడ్డవాళ్ళని చూస్తే మావాళ్ళకి తెలిసింది ఒక్కటే, పోయినవాళ్ళ కుటుంబం. ఒక్కొక్కరి చేయీ రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"చాలా పెద్ద నష్టం నాయనా."

"తొమ్మిదండీ," అన్నాడు మొదటివాడు.

కొట్టు ముందు నిలబెట్టిన ఆ లావుపాటి కుర్రాడు పోయినేడు ఆఖరి మ్యాచ్‌లో బంతి చేతిలోంచి జారవిడిచినవాడు. ఒక ముసలావిడ వాడి నడుం దాకా వాటేసుకుని, అంతకంటే పైకి చేయి అందలేదు, "నువ్వు చేయగలిగింది చేశావు, ఇక ఆయనకి బాధ లేదు" అంది. ఎవరికి బాధ లేదో వాడికి అర్థం కాలేదు. కానీ అయిదు నెలలుగా ఎవరూ అనని మాట అది. వెక్కి వెక్కి ఏడ్చాడు. గాలి కోట ముందు పిల్లలు పండగ బూట్లు వరసగా విడిచి, టైలు కట్టుకునే ఎగిరారు.

నేను మైకు గదిలో లూమిర్ పక్కన దుర్భిణీ పట్టుకుని కూర్చున్నాను. ఎర్రవాళ్ళు తెల్లవాళ్ళని పడేశారు, తెల్లవాళ్ళు ఎర్రవాళ్ళని పడేశారు. లూమిర్ పడ్డవాళ్ళ పేర్లన్నీ మర్యాదగా చదివాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు కూడా, పాతిపెట్టకుండా భోజనానికి వెళ్ళరు కదా. మధ్యలో ఆట ఆపినప్పుడు మెకెన్నా మెట్లెక్కి వచ్చింది. చేతిలో లెక్క నొక్కే మీట.

"తొమ్మిదొందల ఎనభై ఆరు," అంది. "రోడ్డు మీద ఇక కార్లేవీ లేవు. గేటు దగ్గరున్న జర్మన్ షెపర్డు కుక్కకి రెండుసార్లు నొక్కబోయి ఆగానండీ."

లూమిర్ దుర్భిణీ తీసుకుని రోడ్డు చూశాడు. తర్వాత వీధికి అవతలున్న సొకోల్ హాలు చూశాడు. చిమ్నీలోంచి ఆవిరి లేస్తోంది. ఫోను తీశాడు.

"అక్కా, పద్నాలుగుమంది తక్కువ. మీరు పదిహేడుమంది. ఒక్కసారి గేటు దాటి వచ్చి పొండి."

"దుంపలు పొయ్యి మీదున్నాయి."

"అయిదు నిమిషాలక్కా. మైకు పోతుంది."

"నువ్వు పోయిన రోజు కూడా నేను వంటింట్లోనే ఉంటాన్రా. ఆ సంగతి నీకు తెలుసు కదా." ఫోను పెట్టేసింది.

లిబ్బీ కోపంతో అన్న మాట కాదది. ఉన్న సంగతి చెప్పింది. ఆట మళ్ళీ మొదలైంది, లూమిర్ చూడలేదు, పడ్డవాళ్ళు పేరు లేకుండానే లేచారు. తర్వాత నా చొక్కా జేబులోంచి పెన్సిలు లాక్కుని ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. రాశాక మైకు దగ్గరికి జరిగి గొంతు సవరించుకున్నాడు.

మైదానం బిగుసుకుపోయింది. బంతి విసరబోతున్నవాడు చెయ్యెత్తి అలాగే ఆగాడు. మీదకొస్తున్నవాళ్ళు కూడా ఆగారు.

"నేటి పెట్టె మోసేవారు," అన్నాడు లూమిర్. "లిబుషే వర్టిస్కా. ఆరువందల పన్నెండు భోజనాలు. ఎమీలియా జబ్కా. ముప్పయి ఏడేళ్ళ దుంపలు. అల్బినా..."

మా ఆవిడ పేరు ఆ గొంతులో వినడం నాకదే మొదలు. బతికున్న మనిషి పేరని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. పదిహేడు పేర్లూ, ఎవరెన్నేళ్ళు ఏం చేశారో, కొలాచీల మధ్య వేలితో గుంట పెట్టేదెవరో, మిగిలిన హామ్ మూటగట్టి పోయినవాళ్ళింటికి పంపేదెవరో, ఏదీ తడబడకుండా చదివాడు.

"పై వారందరూ దయచేసి ముందుకు రావలసింది."

మైకు మాట వీధి దాటి వంటింటి దాకా వెళ్ళింది. తర్వాత సొకోల్ హాలు తలుపు తెరుచుకుంది.

వాళ్ళు ఎప్రన్లతోనే వచ్చారు, లూమిర్ చదివిన వరసలోనే. మోచేతుల దాకా పిండి. ముందు లిబ్బీ, చేతిలో పెద్ద గరిటె, మొహంలో తమ్ముణ్ణి తర్వాత చూసుకుంటానన్న కోపం. జనమంతా లేచి నిలబడ్డారు. మైదానంలో దెబ్బ తగిలినవాణ్ణి మోసుకెళ్ళేటప్పుడు చేసినట్టు ఆటగాళ్ళందరూ ఒక మోకాలి మీద కూర్చున్నారు. గేటు దగ్గర మెకెన్నా ఒక్కొక్కరికీ మీట నొక్కుతోంది. పద్నాలుగో ఆవిడ దాటగానే ఆ పిల్ల ఇటు తిరిగి చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి దించి మిగిలిన ముగ్గుర్నీ కూడా నొక్కింది. మనిషి నిజాయితీ గలది.

ముందు వరస ఖాళీ చేసి వాళ్ళని కూర్చోబెట్టారు. లిబ్బీ కాసేపు ఆట చూసింది.

"ఇందులో మనవాళ్ళెవరు?" అని పక్కవాణ్ణి అడిగింది.

"అందరూ మనవాళ్ళేనండీ."

"మరెందుకు కొట్టుకుంటున్నారు?"

లిబ్బీ అయిదు నిమిషాల్లో లేవాల్సింది. కానీ అప్పుడే ఎర్రవాళ్ళు గీత దగ్గరికొచ్చారు, ఆ లావుపాటి కుర్రాడి చేతికి బంతి చిక్కింది. వాడు ఈసారి బంతిని ఆ ముసలావిడ తనని పట్టుకున్నట్టే పట్టుకుని నలుగుర్ని ఈడ్చుకుంటూ గీత దాటాడు. "అలా పట్టుకోవాలి," అని లిబ్బీ గరిటె ఊపింది. ఆవిడ ఊపింది కాబట్టి జనం అరవొచ్చనుకున్నారు. అప్పట్నించి వాళ్ళని ఆపడం ఎవరివల్లా కాలేదు. ఆవిడ ఆఖరిదాకా కదల్లేదు. యాభై ఏళ్ళ చావుల్లో ఆవిడ పూర్తిగా చూసింది అదొక్కటే. ఎవరు గెలిచారో నన్ను అడక్కండి. ఈ కౌంటీలో ఎవరికీ గుర్తులేదు.

మెకెన్నా రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"వెయ్యిన్ని ముగ్గురు. లూమిర్ గారూ, మ్యాచ్ ఉంటుంది. మైకు మీదే. ప్రెసిడెంటు గారితో నేను ఇప్పుడే..."

లూమిర్ వినడం లేదు. కిందికి చూస్తున్నాడు. ముందు వరసలో లిబ్బీ లేచి నిలబడింది. ముక్కు పైకెత్తి గాలి వాసన చూస్తోంది. నాకూ అప్పుడే తగిలింది. ఆరు బస్తాల దుంపలు అడుగంటిన వాసన అది, వీధి దాటి వచ్చేసింది.

లిబ్బీ మైకు గది వంక తిరిగి గరిటెతో నాలుగుసార్లు గాల్లో కొట్టింది. ఒక్కో దెబ్బా పది నిమిషాలు.

లూమిర్ మైకు ముందుకు వంగాడు. ఆ గొంతు తడబడడం నేను నాలుగో తరగతి నుంచీ ఎప్పుడూ వినలేదు.

"సొకోల్ హాల్లో భోజనం," అన్నాడు. "నలభై నిమిషాలు... ఆలస్యంగా."

వెయ్యిన్ని ముగ్గురూ టోపీలు తీసి తలలు వంచుకున్నారు. ఆ రోజు ఆ దుంపలకి మించి నిజంగా పోయింది ఏమీ లేదు.